పాత లాప్‌టాప్‌కు ఏ లినక్స్?

ముషీరాబాద్‌లో మా ఎదురింటి అమ్మాయి ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చదువుతోంది. అన్న వాడి వదిలేసిన లాప్‌టాప్ ఆమెకు వచ్చింది. 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది; విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఇందులో లేదు. తార్నాకలో ఒక షాపులో ‘పాతసామాన్లకు వేసెయ్’ అన్నారట. నాకు మనసొప్పలేదు. కీబోర్డు, తెర, ప్రాసెసర్ అన్నీ బాగానే ఉన్నాయి. లినక్స్ వేద్దామంటే ఆమె ఒక్కటే అడిగింది: “ఆంటీ, దాంట్ల తెలుగు టైప్ చెయ్యనీకి వస్తదా?”

కొత్తవాళ్లు అడగాల్సిన అసలు ప్రశ్న అదే: నా పని ఇందులో జరుగుతుందా?

లినక్స్ పేరుతో 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసింది కెర్నల్ మాత్రమే. మెమరీనీ ప్రాసెసర్ సమయాన్నీ ప్రోగ్రాములకు పంచేది అది. దానికి డెస్క్‌టాప్, బ్రౌజర్, సెట్టింగులు చేర్చి కట్టిన మూటను డిస్ట్రో అంటారు. డిస్ట్రోలు వందల్లో ఉన్నా చాలావాటికి చుట్టరికం ఉంది. 1993 నాటి డెబియన్ మీద 2004లో ఉబుంటు, ఉబుంటు మీద 2006లో లినక్స్ మింట్ పుట్టాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి బాస్ లినక్స్‌దీ డెబియన్ వంశమే.

హైదరాబాద్‌లోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు డెబియన్‌నే తీసుకుని తెలుగు మెనూలతో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. ఏ కంపెనీ అనుమతీ అవసరం పడలేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో తెరపై కనిపించే మాటలు కోడ్‌లో కలిసిపోయి ఉండవు, విడి ఫైళ్లలో ఉంటాయి. ఇంగ్లీషు మాట కింద తెలుగు మాట నింపితే చాలు, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా, పాఠ్యపుస్తకాల కోసం ఒక అనువాద శాఖనే నడిపింది. ఆ ప్రాంగణంలో తెలుగు చదివే పిల్లలకు ఈ అనువాద పని దగ్గరిదని నా నమ్మకం.

మా ఎదురింటి అమ్మాయికి మాత్రం మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఎంచాను. మింట్‌కు 2 జీబీ ర్యామ్ కనీసం, 4 ఉంటే హాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ తేలిక. కింద మెనూ, పట్టీ ఉంటాయి కాబట్టి విండోస్ అలవాటైన చెయ్యి తడబడదు. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

వెంటనే ఎక్కించెయ్యకండి. మింట్‌ను 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రాసి, దాన్నుంచే లాప్‌టాప్‌ను బూట్ చెయ్యండి. ఇన్‌స్టాల్ నొక్కేదాకా డిస్కులోని ఫైళ్ల జోలికి పోకుండా మొత్తం వ్యవస్థ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. కాస్త నెమ్మదిగా ఉంటుంది, అంతే. వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తుందా అన్నదీ అప్పుడే చూసుకోవాలి. మాకు వైఫై కనిపించలేదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టాం. మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ కావలసిన వైఫై డ్రైవర్‌ను చూపించింది. ఇన్‌స్టాల్‌కు ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసి పెట్టుకోవడం తప్పనిసరి.

ఇక తెలుగు. భాషల టైపింగ్‌కు వాడే ఐబస్ అనే ప్రోగ్రాముకు ఎం17ఎన్ చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు వస్తాయి. ఆర్‌టీఎస్ అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో తెలుగువాళ్లు రూపొందించిన పద్ధతి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. ఆ అమ్మాయి ముందుగా ‘స్త్రీ’ అని కొట్టింది. మూడు హల్లులూ గుడి దీర్ఘమూ విడిపోకుండా ఒక్క అక్షరంగా కుదురుకున్నాయి. “ఎక్కించెయ్యండి ఆంటీ” అంది.