వాంతి మాత్రల వాడుక

ఎండకు రెంటచింతల పెట్టినది పేరు. ఆ యెండలలో మిరపతోటలందును కల్లములందును పనిచేయు కూలివారికి వడ తగిలి వాంతులగుటయు, త్రాగునీరు చెడినప్పుడు విరేచనములతోడ వాంతులగుటయు పల్నాటి ప్రజలకు క్రొత్త గాదు. 2024వ సంవత్సరమున పిడుగురాళ్ళయందును, దాచేపల్లియందును అతిసారము ప్రబలినప్పుడు అనేక కుటుంబములు ఈ బాధకు లోనైనవి. ఇట్టి సమయమున నరసరావుపేట మొదలు మాచర్ల వఱకు సామాన్యుడు తరచుగా మొదట చేయు పని మందుల షాపునకు పోయి వాంతులకు మాత్ర యిమ్మని యడుగుట. అతని చేతిలో వైద్యుని చీటి యుండదు. రోగి వయస్సెంత, ఇతర మందులేవి వాడుచున్నాడు అని విచారించువారు నుండరు.

ఈ మాత్రలను మేము నిందించుట లేదు. ఒండాన్‌సెట్రాన్, మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ అను మూడును విలువగల మందులే. అయినను 1945వ సంవత్సరపు ఔషధ నిబంధనలందలి ‘హెచ్’ షెడ్యూలులో ఇవి చేర్చబడియున్నవి; అనగా వైద్యుని చీటి లేక అమ్మరాదు. ఈ కట్టడి యేల కలిగినదో ప్రజలు గ్రహింపవలయును.

మెటోక్లోప్రమైడ్ మెదడుపై పనిచేసి వాంతిని ఆపును. కాని కొందఱిలో, విశేషించి పిల్లలలోను యువకులలోను, ఒకటి రెండు దినములలోనే మెడ ప్రక్కకు మెలిపడును, కనుగ్రుడ్లు మీదికి పోవును, దవడ బిగియును. రోగికి తెలివి మాత్రము తప్పదు. ఇది చూచి గాలి సోకినదని వేపమండలు తెప్పించువారును, మూర్ఛ యని తాళముల గుత్తి చేతబెట్టువారును కలరు. ఇది దయ్యమును గాదు, మూర్ఛయు గాదు; మందువలన కలిగిన వికారము. ఆసుపత్రిలో తగిన ఇంజెక్షన్ ఇచ్చినచో స్వల్పకాలములోనే కుదురును. తీసికొన్న మాత్ర అట్టను వైద్యునికి చూపుట ముఖ్యము. ఐరోపా ఔషధ సంస్థ 2013లో ఈ మందును పెద్దలకు దినమునకు 30 మిల్లీగ్రాములు మించకుండ, 5 దినములకు లోపుగనే వాడవలెననియు, ఏడాది నిండని శిశువులకు ఇయ్యరాదనియు కట్టడి చేసినది. నెలల తరబడి వాడినచో ముఖమునందును నాలుకయందును మానని వణకులు కలుగవచ్చునని 2009లో అమెరికా ప్రభుత్వ సంస్థ హెచ్చరించినది.

డోంపెరిడోన్ విషయమున భయము గుండెను గూర్చినది. ఇది హృదయస్పందన క్రమమును చెఱుపవచ్చును. 60 ఏండ్లు దాటినవారికిని, గుండెజబ్బు గలవారికిని, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, కీటోకొనజోల్ వంటి మందులు వాడువారికిని ఈ ప్రమాద మధికము. 10 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు మూడుమారులు మించకుండ, సామాన్యముగా ఒక వారమునకు లోపుగనే వాడుడని 2014లో ఐరోపా సంస్థ నిర్ణయించినది. మన దేశములోనో, ‘గ్యాసు మాత్ర’ యను పేర పాంటోప్రజోల్‌తో కలిపి దీనిని సంవత్సరముల తరబడి పరగడుపున మ్రింగువారు కలరు. తాము మ్రింగునది రెండు మందుల కలయిక యని వారిలో పలువు రెఱుగరు. ఒండాన్‌సెట్రాన్ వలన మెడ మెలిపడుట అరుదే గాని, అదియు హృదయస్పందన క్రమమును మార్చగలదు. మలబద్ధమును, తలనొప్పిని కలిగించును.

ఇంతకంటె పెద్ద అపాయము మఱియొకటి కలదు. పత్తికో మిరపకో పురుగుమందు చల్లివచ్చిన రైతునకు వాంతులు, చెమటలు, చొంగ కారుట, కండరముల అదురు కనిపించినచో అది విషప్రభావము. నేలపై నిద్రించినవానికి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు వచ్చి రెప్పలు వాలుచున్నచో, గాటు కనబడకున్నను, కట్లపాము కాటును శంకింపవలెను. గుండెపోటునకును, తలకు తగిలిన దెబ్బకును, ప్రేగు మూసికొనిపోవుటకును వాంతియే తొలి సూచన కావచ్చును. ఇట్టి యెడల మాత్ర మ్రింగి పరుండుట ప్రాణమునకే ముప్పు. మందు చల్లినవాని బట్టలు విప్పించి, సబ్బుతో ఒడలు కడిగి, మందుడబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. 108కు ఫోను చేయుటకు క్షణమైనను ఆలసింపరాదు.

గర్భవతుల విషయమున ప్రపంచ మొక ఘోరమైన పాఠము నేర్చినది. 1957లో జర్మనీలో అమ్మకమునకు వచ్చిన థాలిడోమైడును వేవిళ్ళకు నిరపాయమైన మందని నమ్మి వాడిరి. 1961లో దానిని ఉపసంహరించునాటికే వేలకొలది శిశువులు కాలుసేతులు సరిగా ఏర్పడక జన్మించిరి. నేడు వేవిళ్ళకు ఆదరువైన మందులున్నవి. కాని వానిని నిర్ణయింపవలసినది వైద్యుడే.

అతిసారములో ప్రాణము తీయునది ముఖ్యముగా ఒడలిలోని నీరు, ఉప్పు తఱిగిపోవుట. 1971లో బంగాళాదేశ శరణార్థుల శిబిరమున కలరా ప్రబలినప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, పంచదార కలిపిన నీటిని త్రాగించి, నూటికి 30గా నుండిన మరణములను 4కు లోపుగా తగ్గించెను. ఆ ఓ.ఆర్.ఎస్. పొట్లము నేడు పల్లెపల్లెకు అందుచున్నది. లీటరు పొట్లమును సరిగా లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, వాంతియైనచో పది నిమిషము లాగి, చెంచా చెంచాగా పట్టవలెను. తియ్యని పానీయములకు ఓ.ఆర్.ఎస్. అను పేరు తగిలించి అమ్మరాదని హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరును నిషేధించినది. కొనునప్పుడు పొట్లమును చదివి కొనుడు.

మందుల షాపులవారికి మా విన్నపము: చీటి లేనివానిని వైద్యునియొద్దకు పంపుడు. గ్రామములలో జనులు నమ్ముకొనిన ఆర్.ఎం.పి.లకు మా విన్నపము: ప్రతి వాంతికిని ఇంజెక్షన్ పొడువకుడు. 2022 ఏప్రిలు 4న పల్నాడు ప్రత్యేక జిల్లాయై, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. జిల్లాధికారులు ఔషధ తనిఖీలను కట్టుదిట్టము చేసి, త్రాగునీటి గొట్టములను పరీక్షింపజేసి, ప్రతి ఆరోగ్యకేంద్రమునందును ఈ మందులను గూర్చి తేటతెలుగున వ్రాసిన పలకలు కట్టింపవలెను. ప్రజలును మాత్ర చేతికి వచ్చినప్పుడు దాని పేరేమి, ఎన్ని పూటలు, ఎన్ని దినములు, ఎప్పుడు ఆపవలెను అని అడుగుటకు సంకోచింపరాదు. అడుగుట రోగి హక్కు. చెప్పుట ఇచ్చువారి విధి.