అత్తయ్యగారి ఊరు చూసొచ్చాం!

సంక్రాంతి సెలవులకు పిల్లలు ఊటీ అన్నారు. మావారు అరకు అన్నారు. 'ఈసారి నాగాయలంక వెళ్దాం' అన్నాను నేను. అందరూ నావంక వింతగా చూశారు, అత్తయ్యగారితో సహా! ఆవిడ పుట్టింది ఆ పక్క పల్లెలోనే. పెళ్లయ్యాక మళ్లీ అటు అడుగు పెట్టలేదు.

"అక్కడేముందే చూడ్డానికి, నీళ్లు తప్ప!" అన్నారావిడ.

నిజమే, ఎటు చూసినా నీళ్లే. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలై దివిసీమను ఒళ్లో పెట్టుకుంటుంది. మూడోవైపు సముద్రం. విజయవాడ నుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా వెళ్లాం. చల్లపల్లి దగ్గర్లోనే ఘంటసాల ఉంది. బౌద్ధ స్తూపం, మ్యూజియం చూడొచ్చు. రోమ్‌తో ఓడ వర్తకం సాగిన రోజుల్లో అదో పెద్ద వ్యాపార కేంద్రం. మోపిదేవిలో లింగరూపంలో ఉన్న సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి చూసి, అవనిగడ్డ దాటి నాగాయలంక చేరాం.

పంటు మీద ప్రయాణం

వీధి చివర ఇళ్లుంటాయనుకుంటాం కదా, ఇక్కడ నది ఉంటుంది! శ్రీరామపాద క్షేత్రం ఘాట్ మెట్ల మీద కూర్చుంటే పొద్దు ఎలా గడిచిందో తెలియదు. ఏటిమొగ నుంచి ఎదురుమొండి దీవికి పంటు ఎక్కాం. మోటారు సైకిళ్లు, కూరగాయల బుట్టలు, బడి పిల్లలు, పెళ్లికి వెళ్లే చుట్టాలు... అందరూ అదే పంటు మీద! మా పిల్లలకు ఊటీ ఊసే గుర్తు రాలేదు. ఒడ్డున బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచినవి మడచెట్ల వేర్లట. ఆ చెట్లు గాలి పీల్చుకునేది వాటితోనే. చేపలు పట్టుకు తినే నీటిపిల్లి ఉండేదీ ఈ మడ అడవుల్లోనే. ఉప్పెన జోరును కొంతైనా ఆపేవి కూడా ఇవే.

ఆ ముడి

ఉప్పెన అనగానే అత్తయ్యగారు మౌనంగా ఉండిపోయారు. 1977 నవంబరు 19. తాడిచెట్లంత ఎత్తున వచ్చిందని చెప్పుకునే ఆ కెరటం సొర్లగొంది లాంటి ఊళ్లను ఊడ్చేసింది. సర్కారు లెక్కల్లోనే చనిపోయినవాళ్లు 10 వేల దాకా ఉన్నారు. అప్పటికి ఆవిడకు పధ్నాలుగేళ్లు.

ఆ సాయంత్రం ఘాట్ మెట్ల మీద, ఎవరూ అడక్కుండానే చెప్పారు. "మా అమ్మ చెల్లాయిని నా వీపుకు చీరతో కట్టింది. ముడి గట్టిగా వేసింది. తెల్లార్లూ తుమ్మచెట్టు పట్టుకునే ఉన్నా. తెల్లారేసరికి ముడి అలాగే ఉంది, చెల్లాయి ఉంది. అమ్మ లేదు."

ఏటా నవంబరు రాగానే రేషన్ కార్డు, ఫొటోలు ప్లాస్టిక్ కవరులో చుట్టి అటకెక్కిస్తారావిడ. అదీ మా మూడో అంతస్తు ఫ్లాటులో! పదిహేనేళ్లుగా విసుక్కుంటూ దించుతున్నది నేనే. ఎందుకని ఒక్కసారైనా అడిగానా?

మర్నాడు హంసలదీవి వెళ్లాం. కాకి మునిగి హంస అయిందని కథ చెప్పుకునే చోటు, కృష్ణ సముద్రంలో కలిసే చోటు. వేణుగోపాలస్వామి దర్శనం అయ్యాక పిల్లలు సముద్రం వైపు పరుగెత్తారు. అత్తయ్యగారు ఇసుకలోనే ఆగిపోయారు. కాసేపటికి వచ్చి పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని మడమల లోతు నీళ్లలో నిలబడ్డారు. అంతకు మించి ముందుకు రాలేదు. మేమూ రమ్మనలేదు.

మీరూ వెళ్తారా?

చలికాలం బాగుంటుంది. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. బస ముందే చూసుకోండి, పెద్ద హోటళ్లు ఆశించకండి. తాగునీళ్లు, టోపీలు, పిల్లలకు ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోండి. సంగమం దగ్గర లోపలికి దిగొద్దు. చేపల పులుసు మాత్రం వదలొద్దు సుమా!

అన్నట్టు, మీ ఇంట్లో పెద్దవాళ్ల ఊరేదో అడిగారా? వాళ్లనీ తీసుకెళ్లండి. నేనైతే రాగానే కొత్త ప్లాస్టిక్ కవరు ఒకటి, కాస్త మందంది, కొనిపెట్టాను.