దూడ తాగిన పాలు నేలపాలు కావు

తెనాలి: డెల్టా పల్లెల్లో ఎకరం, రెండెకరాలున్న ఇంట కూడా ఒకటో రెండో గేదెలుంటాయి. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండు సార్లే చేతికొస్తుంది. మధ్యలో ఇల్లు గడిచేది పాల డబ్బుతోనే. ఆ తొందరలో దూడకు అన్యాయం జరుగుతున్నది. గేదె చేపేదాకా రెండు గుక్కలు తాగనిచ్చి దూడను గుంజకు కట్టేస్తారు. పొదుగు ఖాళీ అయ్యాక వదిలితే దానికి దక్కేది నురగే. బక్కచిక్కిన దూడ చనిపోతే గేదె చేపక పాలు ఎగ్గొడుతుంది. నష్టం రెండింతలు.

మాయ పడేదాకా దూడను తాగనివ్వకూడదనే నమ్మకం కొన్ని ఇళ్లలో ఉంది. అది తప్పు. ఈనిన గంట, రెండు గంటల్లోనే జున్నుపాలు దూడ కడుపులో పడాలి. రోగాలను తట్టుకునే శక్తి దానికి ఆ పాలతోనే వస్తుంది.

మొదటి నెలలో దూడ బరువులో పదోవంతు పాలు దానికి వదలాలి. 30 కిలోల దూడకు రోజుకు 3 లీటర్లు. పుట్టగానే బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దాలి. ఏలికపాములు గేదె దూడకు తల్లిపాల ద్వారానే సోకుతాయి. కనుక రెండో వారంలో పశువుల డాక్టరును అడిగి నట్టల మందు తాగించాలి. 4 నుంచి 8 నెలల పెయ్యలకు, ముందు ముందు చూలు ఈసుకుపోకుండా, బ్రూసెల్లా టీకా వేయించాలి. ఈ టీకాకు కేంద్రం 2019లో పథకం ప్రారంభించింది.

సంతలో పాడిగేదెను కొనాలంటే చిన్న రైతుకు అప్పే దిక్కు. ఇంట్లో పుట్టిన పెయ్యను బతికించుకుంటే ఆ అప్పు తప్పుతుంది.