ఇంటి మాట, చట్టం మాట

ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఇల్లు కొనుక్కున్న మనవారి కాగితాలు తిరగేస్తే, భార్యాభర్తల పేర్ల ప్రక్కన "జాయింట్ టెనెంట్స్" అనో, "టెనెంట్స్ ఇన్ కామన్" అనో కనిపిస్తుంది. "డబ్బు మనది, అప్పు మనది, మధ్య ఈ టెనెంట్ ఏమిటి? అద్దెకున్నవాళ్ళమా?" అని నవ్వుకునేవారున్నారు. నవ్వుకుని సంతకం పెట్టేవారే ఎక్కువ. ఈ రెండు మాటల మధ్యనున్న తేడా ఒక కుటుంబాన్ని నిలబెట్టనూ గలదు, చిక్కుల్లో పెట్టనూ గలదు. అందుకని ఈ నెల, చట్టంలోని మాటలకు అర్థం ఎలా నిర్ణయిస్తారో పాఠకులతో ముచ్చటించాలని మాకు తోచింది.

పాత ఇంగ్లీషు న్యాయభాషలో "టెనెంట్" అంటే "పట్టుకుని ఉన్నవాడు" అని అర్థం. భూమి అంతా రాజుగారిది, ప్రజలు దానిని పట్టుకుని ఉంటారు అనుకున్న రోజులలో పుట్టిన మాట అది. మనకూ ఇది క్రొత్త కాదు. పట్టాదారు, కౌలుదారు అనే మాటలలోని "దారు" పారశీకం నుంచి వచ్చినది. దానికీ "పట్టుకున్నవాడు" అనే అర్థం. ఒకరు భూమికి హక్కుదారు, మరొకరు కౌలుకు చేసుకునేవారు. తోక మాత్రం ఒకటే!

ఇక తేడా చూద్దాం. జాయింట్ టెనెంట్లలో ఒకరు పోతే వారి భాగం దానంతటదే మిగిలినవారికి చెందుతుంది. పోయినవారు వీలునామాలో ఏమి వ్రాసినా ఆ ఇంటికి అది వర్తించదు. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వారిది; వాటాలు సగం సగం కానక్కరలేదు కూడా. పోయినవారి వాటా వీలునామా ప్రకారం, అది లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం వెడుతుంది.

దంపతులకు చాలాసార్లు మొదటి పద్ధతే సదుపాయం. కాని అన్నదమ్ములిద్దరు కలసి జాయింట్ టెనెంట్లుగా కొన్నారనుకోండి. అన్నగారు తన సగం భార్యాబిడ్డలకని వీలునామా వ్రాసి కన్నుమూస్తే, ఇల్లు మొత్తం తమ్ముడి పేరనే మిగులుతుంది. తమ్ముడు మంచివాడే కావచ్చు. అయినా వదినగారు మరిది మంచితనంమీద ఆధారపడవలసి వస్తుంది. కోర్టుకెక్కి కొంత రాబట్టుకునే మార్గాలు లేకపోలేదు గాని, ఆ యుద్ధం ఎవరికి కావాలి?

ఇవి లాయర్ల సొంత మాటలు. చట్టాలలో బజారు మాటలు కూడా కావలసినన్ని ఉంటాయి. వాటి సంగతేమిటి?

తాంబూలం లేకుండా శుభకార్యం జరగని మనకు తమలపాకు కథ నచ్చుతుంది. అకోలాలో తమలపాకుల వర్తకులమీద అమ్మకం పన్ను వేశారు. ఆనాటి సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ చట్టంలో కూరగాయలకు పన్ను మినహాయింపు ఉంది. చట్టంలో ఉన్నది ఇంగ్లీషు మాట "వెజిటబుల్". నిఘంటువు చూస్తే చెట్టుకూ మొక్కకూ సంబంధించినదంతా ఆ మాట క్రిందికి వస్తుంది గనుక, తమలపాకూ వస్తుందని వర్తకుల వాదన. 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పెరటిలో పండించి భోజనానికి వండుకునేవే కూరగాయలని లోకం అనుకుంటుంది, ఆ అర్థమే తీసుకోవాలి అన్నది. పైగా ఆ చట్టం ఒకప్పుడు కూరగాయలనూ తమలపాకులనూ వేర్వేరుగా పేర్కొని, తరువాత తమలపాకులను మినహాయింపు పట్టికలో నుంచి తీసివేసింది. అంటే మాట ఒక్కదాన్నే కాదు, దాని ఇరుగుపొరుగునూ చూడాలన్నమాట. 1977లో పచ్చి అల్లం కూరగాయేనా అన్న ప్రశ్న వస్తే, అవునని అదే కోర్టు తేల్చింది.

ఈ దేశంలోనూ ఇటువంటి వ్యాజ్యం నడిచింది. 2000 జూలై 1 నుంచి ఇక్కడ పది శాతం జి.ఎస్.టి. వచ్చింది. రొట్టెకు ఆ పన్ను లేదు, క్రాకర్ బిస్కట్టుకు ఉంది. ఇటలీ నుంచి "మినీ చియబాట" అనే పలుచని కరకరలాడే సరుకును దిగుమతి చేసుకున్న లాన్సెల్ హౌస్ కంపెనీ, తయారుచేసే తీరునుబట్టి అది రొట్టె అని వాదించింది. 2010లో ఫెడరల్ కోర్టు, 2011లో అప్పీలు విన్న ఫుల్ కోర్టు కూడా, అది క్రాకరే అన్నాయి. పేరులో ఏమున్నదని కాక, చూసేవారికి, తినేవారికి అది ఏమిటని చూశారు.

ఇంకొక సూత్రం ఉంది. ఒక మాటకు రెండు అర్థాలు పొసగినప్పుడు, చట్టం ఏ ప్రయోజనం కోసం పుట్టిందో దానిని నెరవేర్చే అర్థాన్నే ఎంచుకోవాలి. ఆస్ట్రేలియా ఈ నియమాన్ని 1981లో కేంద్ర చట్టంలోనే వ్రాసుకుంది. న్యూ సౌత్ వేల్స్ 1987 చట్టంలోనూ ఉంది. ఇది ఎంత పని చేయగలదో తెలియాలంటే మన ఊళ్ళలోని ఆస్తుల సంగతి చూడాలి.

ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు పూర్వం మగపిల్లలకే ఉండేది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్ళకూ ఆ హక్కు వచ్చింది. అప్పటికే పెండ్లయినవారికి మాత్రం లేదు. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ పెండ్లి తేడా తీసివేసింది. కూతురికి కొడుకుతో సమానంగా "పుట్టుకతోనే" హక్కు అన్నది. అదే వాక్యంలో "ఈ సవరణ అమలైన నాటినుంచి" అనే మాటా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. తండ్రి 2005కు ముందే పోయి ఉంటే కూతురి గతి ఏమిటి?

2015లో సుప్రీంకోర్టు, ఆ తేదీనాటికి తండ్రి, కూతురు ఇద్దరూ జీవించి ఉండాలన్నది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు దానిని త్రోసిపుచ్చారు. హక్కు పుట్టుకతో వచ్చినదైనప్పుడు తండ్రి ఆనాడు బ్రతికి ఉన్నాడా లేదా అన్న ప్రశ్నే లేదన్నారు. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడరాదన్నారు. నోటిమాటగా పంచుకున్నామంటే సాధారణంగా ఒప్పుకోరాదనీ అన్నారు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. మారినది అర్థమే. దానితో ఎందరో ఆడపడుచులకు లేదనుకున్న వాటా ఉన్నదయింది. ఇదంతా పిత్రార్జితం మాట. తండ్రి స్వార్జితాన్ని ఆయన తన ఇష్టప్రకారం వీలునామా వ్రాసుకోవచ్చు.

"అమ్మాయీ, హక్కు విడుదల పత్రం పంపిస్తున్నాము, సంతకం పెట్టి పంపు" అని అన్నగారు ఫోను చేసే ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. పుట్టింటిమీద ప్రేమతో వదులుకోవడం ఎవరి ఇష్టం వారిది. కాని ఏమి వదులుకుంటున్నారో తెలిసి వదులుకోవడం వేరు, తెలియక వదులుకోవడం వేరు. ఎడ్మండ్‌సన్ పార్క్‌లోని ఇల్లయినా అంతే. జాయింట్ టెనెన్సీని తరువాత మార్చుకునే వీలుంది. అది ఇద్దరూ బ్రతికి ఉండగానే చేయవలసిన పని.

కనుక మా మనవి ఒక్కటే. ఈ వారాంతంలో ఇంటి కాగితాలు ఒకసారి బయటికి తీయండి. పేర్ల ప్రక్కన ఏ మాట ఉన్నదో దంపతులిద్దరూ కలసి చూడండి. అర్థం కాని మాట ఉంటే లాయరుగారిని, "ఈ మాట ఎందుకు వ్రాశారు, రెండో మాట వ్రాస్తే ఏమవుతుంది?" అని అడగండి. ఫీజు ఇచ్చేది మనమే కదా, అడగడానికి మొగమాటమెందుకు?