కోత చేనిలో బోయజు మాట

బేత్లెహేములో యవల కోత జరుగుతోంది. పొలం యజమాని బోయజు వచ్చీ రాగానే పని ఎంతవరకు అయిందని అడగలేదు. దేవుడు తోడుగా ఉండాలని కోత కోసేవారిని దీవించాడు. వారూ ఆయనను తిరిగి దీవించారు (రూతు 2:4). యజమానితో పనివారు నోరు విప్పి మాట్లాడగలిగిన పొలం అది.

వారి వెనుక పరిగె ఏరుకుంటున్న రూతు కూలి మనిషి కూడా కాదు. పరదేశి, విధవరాలు. పనివారిపై నియమితుడైనవాడు ఆమెను మోయాబీయురాలనే పరిచయం చేశాడు. ఉదయం నుంచి కష్టపడుతోందని కూడా చెప్పాడు, అది అతని న్యాయబుద్ధి. బోయజు మాత్రం 'నా కుమారీ' అని పిలిచాడు. పరిగె ఏరుకోవడం పేదలకు, పరదేశులకు ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కే (లేవీ 19:9,10). కానీ హక్కు ఉందని చెప్పి రోజూ మాటలు పడుతూ ఎవరు ఎన్నాళ్లు నిలబడగలరు? అందుకే ఆమెను అవమానించవద్దని, గద్దించవద్దని బోయజు తన పనివారికి ఆజ్ఞాపించాడు. తానొక్కడు మంచిగా మాట్లాడి ఊరుకోలేదు. ఆ సాయంత్రానికి రూతు దాదాపు తూమెడు యవలు దుల్లగొట్టింది. యవల కోత, గోధుమల కోత రెండూ ముగిసేదాకా ఆయన పనికత్తెలను విడిచి వెళ్లలేదు.

మన ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, బడుల్లో ఏం జరుగుతోంది? కొత్తగా చేరిన కుర్రవాడు పొరబడితే 'నీకు ఉద్యోగం ఎవరిచ్చారయ్యా?' అని పదిమందిలో అనేస్తాం. ఇక అతను సందేహం వచ్చినా అడగడు, అడగక నేర్చుకోడు. తండ్రి వయసున్న వాచ్‌మన్‌ను 'ఏరా' అనడం మనకు మామూలైపోయింది. సంఘంలో మాత్రం? వేదిక మీద ఉన్నవారు 'అయ్యగారు', మందిరం ఊడ్చే అక్క 'ఏయ్'! యజమానులు బెదిరింపు మానాలని పౌలు రాసింది (ఎఫెసీ 6:9) సంఘానికే. తప్పు దిద్దవద్దని దాని అర్థం కాదు. పనిలో తప్పుంటే పని గురించే చెప్పవచ్చు. మధ్యలో అతని ఊరు, పుట్టుక, తెలివి ఎందుకు?

నోరు మూయించిన యజమానికీ నష్టమే. కర్మెలులో ఆస్తి ఉన్న నాబాలుకు 3,000 గొర్రెలు, 1,000 మేకలు. మాట మాత్రం మహా మోటు. దావీదు పంపిన మనుషులను కించపరిచి పంపేశాడు. దాంతో దావీదు వెంట 400 మంది కత్తులు కట్టుకుని బయలుదేరారు. ప్రమాదం పసిగట్టిన పనివాడు యజమాని దగ్గరికి వెళ్లలేదు. ఆయనతో ఎవరూ మాట్లాడలేరంటూ అబీగయీలు దగ్గరికి పరుగెత్తాడు (1 సమూ 25:17). నాబాలుకు ఆ సంగతి మరునాడు ఉదయం భార్య చెబితేగాని తెలియలేదు.