విద్వత్పత్రికల విలువ కట్టుట యెట్లు?

గాంధీనగరునకు చేరువ, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ప్రతిదినము ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్న యువకులలో రేపటి ఆచార్యులును ఉందురు. వారి పదోన్నతికి విద్వత్తొక్కటియే చాలదు. వారి వ్యాసములు వెలువడిన పత్రికల ‘ఇంపాక్టు ఫాక్టరు’ అను అంకెయు కావలసి వచ్చుచున్నది. ఈ అంకె యెట్లు పుట్టునో ప్రజలెఱుంగుట యవసరమని మా యభిప్రాయము.

ఒక పత్రిక గడచిన రెండేండ్లలో ప్రకటించిన రచనలు ఈ యేడు ఎన్నిమారులు పేర్కొనబడినవో లెక్కించి, ఆ మొత్తమును ఆ రెండేండ్ల పరిశోధన వ్యాసముల, సమీక్షా వ్యాసముల సంఖ్యచే భాగింపగా వచ్చు ఫలమే యీ అంకె. సంపాదకీయములును లేఖలును భాగించు సంఖ్యలో చేరవు. కాని వానిని ఎవరైన పేర్కొనినచో పై మొత్తమున చేరును. సంపాదకుడు తన పత్రికను తానే పేర్కొనినను చేరును. అమ్మువాని చేతనే కుంచముండిన కొలత యెట్లుండునో మన రైతు సోదరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇది వట్టి యూహ గాదు. 2007లో ‘ఫోలియా ఫోనియాట్రికా ఎట్ లోగోపీడికా’ అను వాక్చికిత్సా పత్రిక, 2005, 2006 సంవత్సరములలో తాను ప్రకటించిన వ్యాసములన్నిటిని ఒక్క సంపాదకీయమున పేర్కొనెను. దాని యంకె 0.66 నుండి 1.44కు పెరిగెను. ఈ కొలతను అవివేకముగ వాడుచున్నారని నిరసించుటకే సంపాదకులట్లొనర్చిరి. నిరసనకు సాధ్యమైనది స్వార్థమునకు సాధ్యము గాదా? మన యు.జి.సి. 2018 నిబంధనలు, అంకె 1కి లోబడిన పత్రికలోని వ్యాసమునకు 10 అదనపు మార్కులను, 1కిని 2కును నడుమనున్నదానికి 15 మార్కులను విధించినవి. ఒక్క సంపాదకీయముతో ఆ మెట్టు దాటవచ్చునన్నమాట!

అంకెపై మోజు పెరిగిన కొలది దొంగ అంకెలును పుట్టును. మన హైదరాబాదునకును ఈ యపకీర్తి తగిలినది. ఇచటి ఓమిక్స్ ప్రచురణ సంస్థ తన పత్రికల ఇంపాక్టు ఫాక్టర్ల విషయమున రచయితలను మోసపుచ్చెననుట మొదలగు అభియోగములతో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2016లో వ్యాజ్యము తెచ్చెను. 2019లో నెవాడా న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు మించిన మొత్తమును చెల్లింపుమని తీర్పు చెప్పెను.

తన పూర్వకృషిని పేర్కొనుట దోషము గాదు. శాస్త్రము మెట్టుమీద మెట్టుగ పెరుగునది. దోషము అంకెను న్యాయాధిపతిగ గూర్చుండబెట్టుటలో నున్నది. స్వీయ ప్రస్తావనలను తీసివేసిన అంకెయు ఏటేట వెలువడుచునే యున్నది. నియామక సంఘములు కనీసము దానినైన చూడవలదా? అంతకంటెను ఉత్తమమార్గము వేఱొకటి గలదు. అభ్యర్థి వ్యాసమును చదివి, దాని గుణమును బట్టి తీర్పు చెప్పవలెను. ధాన్యమును చేతబట్టి చూడక, సంచిమీది ముద్రను జూచి వెలగట్టువాడు వర్తకుడనిపించుకొనడు. విద్యాధికారులకీ మాట మేము చెప్పవలసి వచ్చుటయే విచారకరము.