పాటల పేటిక – దాని జాబితా

గ్రంథాలయములోనికి ఎవరో ఒక క్రొత్త పుస్తకమును తెచ్చి, ఎవరికిని చెప్పక అలమారులో పెట్టి పోయిరనుకొందము. పుస్తకము అక్కడనే యున్నది. జాబితాలో మాత్రము దాని పేరు లేదు. జాబితా చూచి చెప్పువారు "ఆ పుస్తకము లేదు" అనియే చెప్పుదురు. జేబులో పట్టు పాటల పేటిక విషయమునను ఇట్లే జరుగును.

ఇట్టి పేటికలలో ప్రసిద్ధమైనది ఆపిల్ సంస్థవారి ఐపాడ్. 2001 అక్టోబరులో ప్రకటింపబడిన మొదటి ఐపాడ్‌లో 5 గిగాబైట్ల డిస్కు ఉండెను. అందు వేయి పాటలు పట్టునని సంస్థవారు చెప్పిరి. ఇది ఎట్లు సాధ్యము? సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. కుడి ఎడమ ధ్వనులు రెండింటికి కలిపి సెకనుకు 14,11,200 బిట్లు కావలెను. చెవి అంతగా గుర్తింపలేని అంశములను విడిచిపెట్టు ఎంపీ3 పద్ధతిలో దీనిని 1,60,000 బిట్లకు కుదింపవచ్చును. అప్పుడు నాలుగు నిమిషముల పాట 5 మెగాబైట్ల లోపున ఇముడును. అట్టివి వేయి చేరిన 5 గిగాబైట్లు.

వేయి పాటలలో కోరినదానిని వెదకుటకు ప్రతి ఫైలును తెరచి చూచినచో కాలమును, బ్యాటరీయు వ్యర్థమగును. కావున ఆ పనిని ముందుగనే కంప్యూటరు చేసిపెట్టును. ఐట్యూన్స్ అను ప్రోగ్రాము ప్రతి పాటకు గల చీటీని, అనగా పాట పేరు, గాయకుని పేరు మున్నగు వివరములను, చదివి ఒక జాబితా తయారుచేసి ఐపాడ్‌లో వ్రాయును. పాటలను మాత్రము కంటికి కనబడని ఫోల్డరులలో, అర్థము లేని నాలుగక్షరముల పేర్లతో దాచును. ఐపాడ్ నమ్మునది ఆ జాబితానే. అందుచేత పాటను చేతితో నేరుగా డిస్కులోనికి నకలు చేసినచో అది చోటు ఆక్రమించునే కాని వినబడదు.

దీనినిబట్టి మూడు జాగ్రత్తలు తెలియుచున్నవి. మొదటిది, చీటీలను సరిగా వ్రాయవలెను. ఇంగ్లీషు అక్షరములలో ఘంటసాల పేరును ఒకచోట 'హెచ్' తో, మరియొకచోట అది లేక వ్రాసినచో ఒకే గాయకుడు ఇద్దరుగా కనిపించును. రెండవది, కంప్యూటరు అనుమతి నిచ్చువరకు తీగను ఊడదీయరాదు. జాబితా సగము వ్రాసియుండగా తెగినచో పాటలుండియు పేటిక ఖాళీగా కనబడవచ్చును.

మూడవది ముఖ్యమైనది. దానంతట అది జరుగు 'సింక్' పద్ధతిలో పేటిక కంప్యూటరుకు అద్దము వంటిది. కంప్యూటరులోని సంగ్రహమునుండి తొలగించిన పాట మరుసటి సింక్‌తో పేటికనుండియు పోవును. కనుక పేటికలో నున్నది భద్రపరచిన రెండవ ప్రతి యని తలచరాదు.

2022 లో ఐపాడ్‌ల తయారీ నిలిచిపోయినది. అయినను ఈ నియమము పాతబడలేదు. నేటి ఫోనులలోని ఛాయాచిత్రములకును ఇది వర్తించును. దుకాణములో దొరకు పాట పోయినచో మరల కొనవచ్చును. ఇంటిలో అవ్వ పాడగా పట్టిన పాట పోయినచో ఎక్కడ కొనగలము? దానికి వేరొక డిస్కులో మరియొక ప్రతి ఉంచుటయే రక్ష.